వీడియో కాల్‌లో సరుకు చూపించి అమ్మడం: మన శ్రీకాకుళం, విజయనగరం చిన్న వ్యాపారులకి

మన రెండు జిల్లాల్లో చిన్న వ్యాపారులు అమ్మే సరుకులో చాలా భాగం చేత్తో పట్టుకుని చూస్తే తప్ప నమ్మకం కుదరనిదే. ఫొటోలో పొందూరు ఖద్దరుకీ మిల్లు బట్టకీ తేడా కనపడదు, పలాస జీడిపప్పులో పెద్ద గుండేదో చిన్న గుండేదో తెలీదు, బుడితి ఇత్తడి చెంబు ఎంత బరువుందో అసలే తెలీదు. ఈ సరుకు విలువ తెలిసినవాళ్లేమో చాలామంది ఊళ్లో లేరు. ఉద్దానం నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు, హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో స్థిరపడ్డవాళ్లు ఊరొచ్చేది సంక్రాంతికో, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికో. మిగతా ఏడాదంతా వాళ్లు అక్కడి షాపుల్లో, మనదే సరుకు, నాలుగు చేతులు మారి వచ్చినది, ఎక్కువ రేటు పెట్టి కొనుక్కుంటున్నారు. నాకు ఇది చూస్తే బాధేస్తుంది. వాళ్లకి నేరుగా చూపించి అమ్మడానికి ఖరీదైన వెబ్‌సైట్ అక్కర్లేదు, ఉన్న ఫోన్లో వీడియో కాల్ చాలు, కాకపోతే దాన్ని ఎలా వాడాలో కాస్త పద్ధతి తెలియాలి.

మాది కాశీబుగ్గలో జీడిపప్పు షాపు. కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా పప్పు గురించే చెప్తాను, బట్టలవాళ్లు, ఇత్తడివాళ్లు, పచ్చళ్లవాళ్లు తమ సరుక్కి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఎవరికి కాల్ చెయ్యకూడదో తెలుసుకోండి

"వెయ్యి నంబర్లిస్తాం, పదివేల వాయిస్ కాల్స్ వేస్తాం, బిజినెస్ పెరుగుతుంది" అని మీకు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కొనకండి. మామూలు పది అంకెల నంబర్ నుంచి అడక్కుండా ప్రచారం కాల్స్ చెయ్యడం నిబంధనలకి విరుద్ధం. ప్రచారం కాల్స్ చెయ్యాలంటే టెలికం కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసుకుని 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చెయ్యాలి. 2024 ఆగస్టులో టెలికం కంపెనీల మీద నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం అలా రిజిస్టర్ అవ్వకుండా ప్రచారం కాల్స్ చేసేవాళ్ల కనెక్షన్లు కట్ చేసి రెండేళ్ల వరకు బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. ఎన్నాళ్లుగానో అందరి దగ్గరా ఉన్న షాపు నంబర్ అలా పోతే ఎంత నష్టమో ఆలోచించండి. వాట్సాప్‌లో కూడా అంతే, ముక్కూమొహం తెలియనివాళ్లకి మెసేజ్‌లూ కాల్సూ పెడితే వాళ్లు రిపోర్ట్ కొడతారు, నాలుగు రిపోర్టులు పడ్డాక వాట్సాప్ మీ ఖాతానే ఆపేస్తుంది.

అదీ కాక, దానివల్ల అమ్మకం కూడా అవ్వదు. ఎవరో తెలీనివాడు వీడియో కాల్ చేస్తే మీరు ఎత్తుతారా? ఎత్తరు. ఈ రోజుల్లో వీడియో కాల్ అంటేనే జనానికి భయం పట్టుకుంది, పోలీసు డ్రెస్సులో కనపడి డబ్బులు గుంజేవాళ్ల గురించి రోజూ పేపర్లో చదువుతున్నారు. అందుకని నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: మన దగ్గర ఒక్కసారైనా కొన్నవాళ్లు, లేదా తమంతట తాము అడిగినవాళ్లు, వీళ్లకి తప్ప ఇంకెవరికీ కాల్ వెళ్లకూడదు. వీళ్లకైనా ముందు మెసేజ్ పెట్టి, టైం అడిగి, ఆ తర్వాతే.

ఏ యాప్ వాడాలి

ఒకప్పుడు ఇంటర్నెట్ కాల్ అంటే స్కైప్ గుర్తొచ్చేది. అది 2025 మేలో మూతపడింది, కాబట్టి పాత వ్యాసాల్లో, పాత వీడియోల్లో స్కైప్ పెట్టుకోండి అని ఉంటే వదిలెయ్యండి. మన కస్టమర్లందరి ఫోన్లలో ఇప్పటికే ఉన్నది వాట్సాప్, అందుకని మనకి వాట్సాప్ బిజినెస్ యాప్ సరిపోతుంది. ఉచితమే. మామూలు వాట్సాప్ ఉన్న ఫోన్లోనే ఇది కూడా పెట్టుకోవచ్చు, కానీ దీనికి వేరే నంబర్ కావాలి. షాపుకి విడిగా ఒక సిమ్ తీసుకోండి. ఇంట్లోవాళ్ల నంబర్ మీద షాపు నడిపితే రాత్రి పదింటికి పెళ్లిళ్ల ఆర్డర్లూ, మధ్యాహ్నం షాపులో రద్దీగా ఉన్నప్పుడు చుట్టాల కాల్సూ కలిసిపోతాయి. ఆ సిమ్‌ని రీఛార్జ్ లేకుండా మాత్రం వదలొద్దు, నంబర్ రద్దయితే కొన్నాళ్లకి అదే నంబర్ ఇంకొకళ్లకి వెళ్లిపోతుంది.

యాప్ పెట్టుకున్నాక చెయ్యాల్సినవి ఎక్కువ లేవు. షాపు పేరు, ఊరు, మ్యాప్‌లో చోటు, తెరిచే వేళలు నింపండి. తినే సరుకు అయితే మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చిన 14 అంకెల నంబర్ కూడా ప్రొఫైల్లో రాయండి, బయటి ఊళ్లవాళ్లు అది చూస్తారు. క్యాటలాగ్ అని ఒకటి ఉంటుంది, అందులో 500 సరుకుల దాకా ఫొటో, ధర పెట్టొచ్చు, కానీ చిన్న షాపుకి పదిహేను ఇరవై చాలు. ధర మాత్రం తప్పకుండా రాయండి. "ధర కోసం కాల్ చెయ్యండి" అని రాస్తే చాలామంది కాల్ చెయ్యరు, పక్క షాపుకి వెళ్లిపోతారు. రేటు రోజూ మారే సరుకైతే "ఈ వారం ధర" అని రాసి సోమవారం సోమవారం మార్చుకోండి.

గూగుల్ మీట్, జూమ్ ఎప్పుడు కావాలంటే, ఎదుటివాళ్లు కంపెనీవాళ్లో, పెద్ద ఆర్డరిచ్చే హోల్‌సేల్‌వాళ్లో అయి కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడదాం అన్నప్పుడు. రెండూ ఉచితంగానే వస్తాయి, జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకి ఆగిపోతుంది, మీట్‌లో ముగ్గురూ అంతకంటే ఎక్కువమందీ ఉంటే గంట దాకా నడుస్తుంది. ఇద్దరే అయితే మీట్‌లో ఆ ఇబ్బంది లేదు.

గల్ఫ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు వాళ్లకి ఇది రోజూ ఎదురయ్యే విషయం. దుబాయ్, అబుదాబి ఉన్న యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి. మీరు ఇక్కడి నుంచి కొడుతూనే ఉంటారు, అక్కడ రింగైనా మాట కలవదు, కస్టమర్ ఎత్తట్లేదని మీరనుకుంటారు. అక్కడున్న మనవాళ్లు ఎక్కువగా బోటిమ్ అనే యాప్ వాడతారు, వాళ్ల కోసం అదొకటి ఫోన్లో ఉంచుకోండి. లేదంటే సరుకు చూపిస్తూ చిన్న వీడియో తీసి వాట్సాప్‌లో పంపి, వాయిస్ మెసేజ్‌లతో మాట్లాడుకోండి, పని జరిగిపోతుంది. వీపీఎన్ పెట్టుకోమని మాత్రం వాళ్లకి సలహా ఇవ్వకండి, అక్కడ దాంతో ఆంక్షలు దాటడం నేరం, మన జీడిపప్పు కోసం ఒక అబ్బాయి ఇబ్బందుల్లో పడకూడదు.

నంబర్లు ఎలా కూడతాయి

షాపుకి వచ్చినవాళ్లని అడగడమే. బిల్లు ఇచ్చేటప్పుడు "మీ అబ్బాయి ఎక్కడున్నాడమ్మా? ఆయనకి కావాలంటే వీడియోలో చూపించి పార్సిల్ వేస్తాం, మా నంబర్ ఆయనకి పంపండి" అని చెప్పండి. ఇక్కడ గమనించాల్సింది, మనం వాళ్ల నంబర్ తీసుకోవడం లేదు, మన నంబర్ ఇస్తున్నాం. అవతలివాళ్లు "హలో" అని మెసేజ్ పెడితే అప్పుడు వాళ్లు అడిగినట్టు అవుతుంది, ఆ మాటలు ఫోన్లో రికార్డుగా ఉంటాయి.

వాట్సాప్ బిజినెస్‌లో మీ షాపుకి ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి కౌంటర్ మీద అంటించండి, డబ్బులు కట్టే క్యూఆర్‌కి దూరంగా, వేరే రంగులో. రెండూ పక్కపక్కనే ఉంటే జనం తికమకపడతారు. ప్రతి పార్సిల్లో కూడా ఆ కోడ్ ఉన్న చిన్న కాగితం వెయ్యండి, దాని మీద తెలుగులో "వీడియో కాల్‌లో చూసి కొనొచ్చు, ముందు మెసేజ్ పెట్టండి" అని రాస్తే చాలు. మా పార్సిల్ అందుకున్నవాళ్ల ఇంట్లో పక్కింటావిడ ఆ కాగితం చూసి మెసేజ్ పెట్టడం మామూలుగా జరుగుతుంటుంది.

నంబర్ వచ్చాక లేబుల్ పెట్టండి. యాప్‌లోనే ఆ సదుపాయం ఉంది. "హైదరాబాద్", "గల్ఫ్", "పెళ్లి ఆర్డర్", "డబ్బు రావాలి" ఇలా. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకేసారి 256 మందికి పంపొచ్చు, కానీ మీ నంబర్ తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కాబట్టి మొదటి కాల్ అయిన వెంటనే "మా నంబర్ సేవ్ చేసుకోండి అండీ" అని అడిగెయ్యండి. ఎవరైనా "వద్దు, పంపకండి" అంటే ఆ రోజే లిస్టులోంచి తీసెయ్యండి.

కాల్ మొదలయ్యేముందు

అసలు పని ఇక్కడుంది, ఇక్కడే మనవాళ్లు అశ్రద్ధ చేస్తున్నారు.

వెలుతురు. ట్యూబ్‌లైట్ కింద జీడిపప్పు నీలంగా కనపడుతుంది, పసుపు బల్బు కింద పాతసరుకులా కనపడుతుంది. ఖద్దరు సంగతైతే చెప్పక్కర్లేదు, ముడినూలు రంగు చీర తెల్లగా కనపడి తర్వాత "మీరు చూపించింది వేరు" అని గొడవవుతుంది. గుమ్మం దగ్గర, నేరుగా ఎండ పడని చోట, ఒక చిన్న బల్ల వేసుకోండి. వెలుతురు సరుకు మీద పడాలి, ఫోన్ వెనకాల నుంచి రావాలి. బల్ల మీద మామూలు తెల్ల కాగితం ఒకటి ఉంచితే చూసేవాళ్లు ఆ తెలుపుతో పోల్చుకుని అసలు రంగు పసిగడతారు.

ఫోన్‌ని చేత్తో పట్టుకుని చూపించకండి. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో చీర మడత విప్పుతుంటే ఎదుటివాళ్లకి కళ్లు తిరుగుతాయి. తక్కువ ధరలో దొరికే ఫోన్ స్టాండు సరిపోతుంది. మొదట ముందు కెమెరాతో మీ మొహం చూపించి పలకరించండి, తర్వాత కెమెరా తిప్పి వెనక కెమెరాతో సరుకు చూపించండి. ఫోన్ల వెనక కెమెరా మామూలుగా ముందుదానికంటే బాగుంటుంది, పైగా మీరు చూస్తున్నదే వాళ్లూ చూస్తున్నారని మీకు స్క్రీన్ మీద తెలుస్తుంది. లెన్స్ మీద నూనె చేతుల మరకలుంటాయి, కాల్‌కి ముందు తుడవండి. పచ్చళ్లవాళ్లకి ఇది మరీ అవసరం.

శబ్దం. జీటీ రోడ్డు పక్కన షాపైతే లారీల హారన్లలో మీ మాట వినపడదు. మైకున్న మామూలు వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలు. గ్రైండరు, ఫ్యాను ఆపండి.

బొబ్బిలి వీణల వాళ్లకి ఒక ప్రత్యేకమైన మాట. వాట్సాప్ కాల్‌లాంటివి మనిషి గొంతుని మాత్రమే ఉంచి మిగతా శబ్దాన్ని రొద అనుకుని తగ్గించేస్తాయి, అందువల్ల తీగ మీటి సాగదీసిన నాదం మధ్యలోనే తెగిపోయినట్టు వినపడుతుంది, కొనేవాళ్లు వీణలోనే లోపం ఉందనుకుంటారు. పనస కర్రతో ఎన్నో రోజులు చెక్కిన వీణని ఒక యాప్ అలా పాడుచెయ్యకూడదు కదా. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" అనే సెట్టింగు సంగీతం వాళ్ల కోసమే ఉంది, అది ఆన్ చేసి మీటండి. లేదా నిశ్శబ్దంగా ఉన్న గదిలో వీడియో తీసి, దాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు వీడియోలా పంపితే నాణ్యత తగ్గిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. కొట్టి వినిపించాల్సిన కంచు గంటలకీ ఇదే పద్ధతి.

కాల్‌లో ఏం చూపించాలి, ఎలా మాట్లాడాలి

జీడిపప్పు ఎలా చూపిస్తామో చెప్తాను. గ్రేడు డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ప్యాకెట్ మీద రాస్తాం కదా, ఆ అంకె ఏంటంటే ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి ఎన్ని గుండ్లు తూగుతాయో దాని లెక్క. అంకె చిన్నదైతే పప్పు పెద్దది. ఈ మాట కస్టమర్లలో చాలామందికి తెలీదు, 320 అంటే 240 కంటే మంచిది అనుకుంటారు. వీడియోలో ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, సున్నా చూపించి, 100 గ్రాములు తూచి, ఆ గుండ్లని తెల్ల కాగితం మీద పది పదిగా పేర్చి లెక్కపెట్టండి. 240 గ్రేడైతే యాభై, యాభై మూడు గుండ్లకి అటూ ఇటూ వస్తాయి, 320 అయితే డెబ్బై దగ్గర వస్తాయి, 180 అయితే నలభై లోపే ఉంటాయి. ఈ లెక్క కళ్లారా చూసిన మనిషి ఇంక ధర మీద బేరం ఆడడం చాలా తగ్గుతుంది, ఎందుకంటే ఏ గ్రేడుకి ఎందుకంత రేటో ఆయనకే అర్థమైపోయింది. ఆ తర్వాత గుండు విరిచి చప్పుడు వినిపించండి, లోపలి రంగు చూపించండి. బద్దలూ ముక్కలూ కూడా చూపించి "పాయసానికీ, ఉప్మాకీ అయితే గుండు ఎందుకండీ, బద్ద తీసుకోండి, డబ్బు మిగులుతుంది" అని చెప్పండి. తక్కువ రేటుది మనమే చెప్తే మన మీద నమ్మకం కుదురుతుంది, పెళ్లికి కావాల్సొచ్చినప్పుడు ఆయన మళ్లీ మనకే ఫోన్ చేస్తాడు.

ఖద్దరు వాళ్లు బట్టని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని నేత చూపించండి, పోగుల్లో చేతి నూలుకి ఉండే చిన్న చిన్న సన్నం లావు తేడాలు కనపడాలి, అది లోపం కాదు, చేతి పని గుర్తు అని చెప్పండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి దగ్గరగా చూపిస్తే పోగు ఎంత సన్నమో తెలుస్తుంది. అంచు, కొంగు, వెనక వైపు, ఆఖర్న పొడవు టేపుతో కొలిచి. కుదిరితే ఒకరోజు పొందూరులో వడికే వాళ్లింటి నుంచే కాల్ చెయ్యండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసే పని, ఆ తర్వాత ఏకులు చుట్టి రాట్నం మీద సన్నటి నూలు తియ్యడం, ఇవి చూశాక చీరకి అంత ధర ఎందుకని ఎవరూ అడగరు. కాకపోతే వడికే అమ్మని ముందే అడిగి, ఆవిడ సరేనంటేనే, ఆవిడ టైం పోతుంది కాబట్టి దానికి ఎంతో కొంత ఇచ్చి చెయ్యండి.

ఇత్తడి, కంచు తూకం మీద అమ్మేవాళ్లు కాటా మీద పెట్టి అంకె స్పష్టంగా కనపడేదాకా ఆగండి. తొందరపడకండి.

మాట్లాడే తీరు ఇలా ఉంటే బాగుంటుంది:

"నమస్తే అండీ, కాశీబుగ్గ నుంచి. ఇప్పుడు మాట్లాడొచ్చా, పనిలో ఉన్నారా?"

"పర్లేదు చెప్పండి, ఒక పది నిమిషాలుంది."

"సరే అండీ, పది నిమిషాల్లో రెండు రకాలు చూపిస్తాను. ఎవరికోసం, ఇంటికా, ఎవరికైనా ఇవ్వడానికా?"

"అమ్మకి పంపాలి. సోంపేటలో ఉంటాది."

"అయితే అమ్మగారిని కూడా కాల్‌లోకి కలుపుదామా? ఆవిడకి నచ్చిందే తీసుకుందురు గాని."

ఈ ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి డబ్బు కడతాడు, సరుకు వెళ్లేది సోంపేటలో ఇంటికి. అమ్మని కాల్‌లోకి కలపగానే అది అమ్మకం మాటలు దాటి ఇంటి మాటలవుతాయి. "ఏటి నాయనా, బాగున్నావా, తిన్నావా" అని ఆవిడ అడుగుతుంటే మనం రెండు నిమిషాలు ఊరుకోవాలి. ఆ తర్వాత ఆవిడే "ఆ పెద్ద గుండు వద్దు బాబూ, పిల్లలకి చిన్నదే చాలు" అని తేల్చేస్తుంది. సరుకు దగ్గర్లోనే ఇవ్వాలి కాబట్టి కస్టమ్స్ గొడవ లేదు, పార్సిల్ ఖర్చు తక్కువ. గల్ఫ్ కస్టమర్లతో వ్యాపారం పెంచుకోవాలంటే ఈ దారి అన్నిటికన్నా సులువని నా నమ్మకం.

కాల్ పది, పన్నెండు నిమిషాలు దాటనివ్వకండి. మూడు రకాలకి మించి చూపిస్తే "ఆలోచించి చెప్తాం" అంటారు. సరుకులో లోపం ఉంటే మీరే కెమెరా దగ్గరగా పెట్టి చూపించండి. కాల్ రికార్డ్ చెయ్యాలనుకుంటే ముందు అడగండి, అడక్కుండా ఎవరి మొహమూ స్టేటస్‌లో పెట్టకండి.

చాలామందికి ఒకేసారి చూపించాలంటే

సంక్రాంతికి ముందు, పెళ్లిళ్ల సీజన్లో కొత్త సరుకు వచ్చినప్పుడు వాట్సాప్‌లో కాల్ లింక్ తయారు చేసుకోండి. కాల్స్ పేజీలోనే ఉంటుంది ఆ ఆప్షన్. ఆ లింక్‌ని మెసేజ్‌లో పెట్టి "ఆదివారం ఉదయం పదకొండింటికి కొత్త చీరలు చూపిస్తాం, చూడాలనుకున్నవాళ్లు లింక్ నొక్కండి" అంటే, ఇష్టమున్నవాళ్లే వస్తారు, ఎవరినీ రింగ్ చేసి ఇబ్బంది పెట్టినట్టు ఉండదు. 32 మంది దాకా చేరొచ్చు, కానీ నా సలహా పదిమందితో సరిపెట్టుకోండి. అంతకు మించితే ఒకళ్లు రేటు అడుగుతుంటే ఇంకొకళ్లు పిల్లల్ని తిడుతుంటారు. ఒక్కో చీరకి ఒక అంకె రాసిన చీటీ పిన్ను పెట్టండి, "ఆ నీలంది" అనే బదులు "ఏడో నంబర్" అంటారు. ఇంకొకటి, గ్రూప్ కాల్‌లో ఒకరి నంబర్ ఇంకొకరికి తెలిసే అవకాశం ఉంటుంది, ముఖ్యంగా ఆడవాళ్లు దీని గురించి జాగ్రత్తపడతారు. ఆ సంగతి మెసేజ్‌లోనే ముందు చెప్పండి. ఇష్టం లేనివాళ్లకి విడిగా కాల్ చెయ్యండి.

ఏ టైంలో

హైదరాబాదువాళ్లకి ఆదివారం ఉదయం, మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిది తర్వాత. సౌదీ, కువైట్, ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక, వాళ్లకి శుక్రవారం సెలవు, కాబట్టి శుక్రవారం మన సాయంత్రం ఆరూ ఏడూ మధ్య బాగుంటుంది. దుబాయ్, ఒమన్ గంటన్నర వెనక, దుబాయ్‌లో 2022 నుంచి సెలవులు శని, ఆదివారాలు. అమెరికా తూర్పు వైపు ఉన్నవాళ్లకి మన ఉదయం ఏడంటే వాళ్ల ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర. అప్పుడు గుమ్మం దగ్గర మంచి వెలుతురు కూడా ఉంటుంది.

కాల్ అయ్యాక

ఫోన్ పెట్టెయ్యగానే, అదే నిమిషంలో రాసి పంపండి: ఏ రకం, ఎంత బరువు, ఎంత ధర, పార్సిల్ ఖర్చు ఎవరిది, ఎప్పుడు పంపుతాం, పగిలినా పాడైనా ఏం చేస్తాం. నోటి మాట మీద వదిలితే నాలుగు రోజులకి ఇద్దరికీ వేరేవేరుగా గుర్తుంటుంది. పార్సిల్ కట్టేటప్పుడు తూకం కనపడేలా, సీలు వేసేదాకా ఒక చిన్న వీడియో తీసి పంపండి. ఆర్టీసీ కార్గోలో వేశారో, స్పీడ్ పోస్టులో వేశారో చెప్పి రసీదు ఫొటో పెట్టండి. చేరిన రోజు ఒక్క వాయిస్ మెసేజ్: "అందిందా అండీ? సరుకు చూపించినట్టే ఉందా?" దానికి వచ్చే జవాబే మీకు తర్వాతి కస్టమర్ని తెస్తుంది, వాళ్లు సరేనంటే ఆ మాటని స్టేటస్‌లో పెట్టుకోండి.

వర్షాకాలం చివర, అక్టోబరులో మన తీరానికి తుపాన్లు వస్తుంటాయి, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటూ సిగ్నలూ అన్నీ పోయాయి. తుపాను హెచ్చరిక రాగానే, సిగ్నల్ ఉండగానే, ఆర్డర్ ఇచ్చినవాళ్లందరికీ "పార్సిల్ ఆలస్యమవుతుంది, కాల్స్ కలవకపోవచ్చు" అని పంపెయ్యండి. మామూలు రోజుల్లో వీడియో ఆగి ఆగి వస్తుంటే వీడియో ఆపి మాటల్లో చెప్పి, తర్వాత రికార్డు చేసిన వీడియో పంపండి. బొమ్మ సరిగా రాని కాల్‌ని సాగదీస్తే సరుకే బాగోలేదన్న అభిప్రాయం పడుతుంది.

మోసాల గురించి

ఆన్‌లైన్లో అమ్మే చిన్న షాపుల మీద మోసగాళ్లకి కన్నెక్కువ. డబ్బు వచ్చిందనడానికి కస్టమర్ పంపిన స్క్రీన్‌షాట్ చూసి సరుకు వెయ్యకండి, మీ బ్యాంకు ఖాతాలోనో మీ యూపీఐ యాప్‌లోనో పడిందని చూసుకున్నాకే కట్టండి. మనకి డబ్బు రావాలంటే మనం పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి డబ్బు పోతున్నట్టు. "మిలటరీ క్యాంటీన్‌కి వంద కిలోలు కావాలి, అడ్వాన్స్ వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి" అని వీడియో కాల్ వస్తే పెట్టెయ్యండి. కాల్‌లో స్క్రీన్ షేర్ చెయ్యమంటే అసలు చెయ్యొద్దు, మీ ఫోన్లో వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకి కనపడతాయి. వాట్సాప్ సెట్టింగుల్లో రెండంచెల వెరిఫికేషన్ పిన్ ఈ రోజే పెట్టుకోండి. వాట్సాప్ నుంచి వచ్చే ఆరంకెల కోడ్ తమ్ముడడిగినా చెప్పకండి, ఎందుకంటే తమ్ముడి ఖాతా ఇప్పటికే ఎవరి చేతిలోనో ఉండొచ్చు. ఏదైనా జరిగితే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ చేసేముందు లావాదేవీ నంబరు, డబ్బు పోయిన టైం, ఏ నంబర్ నుంచి కాల్ వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే వాళ్లు అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.